దాల్చా గిన్నె దగ్గర అన్న మాట

టైల్స్ మేస్త్రీ లచ్చన్నకు ఫిట్స్ వస్తాయని బహ్రెయిన్‌లో అందరికన్నా ముందు తెలిసినవాడు ఫరీద్. ఒకరు చెప్తే తెలియలేదు, కళ్లారా చూస్తే తెలిసింది. లచ్చన్న కంపెనీలో చేరిన కొత్తలో, సీఫ్ అనే పేటలో కడుతున్న ఒక టవర్ కింద అందరూ మధ్యాహ్నం అన్నాలు తింటున్నారు. చేతులు కడుక్కుంటున్న లచ్చన్న ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఊరికే పెదాలు చప్పరించాడు. చొక్కా గుండీ పట్టుకుని పీకసాగాడు. ఆ తర్వాత నిలువునా పడిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

చుట్టూ ఉన్నవాళ్లు దూరం జరిగారు. చేతిలో తాళాలు పెట్టమని ఒకరు, చెప్పు వాసన చూపించమని ఇంకొకరు. కంపెనీ వ్యాను నడిపే ఫరీద్ మాత్రం పరుగెత్తుకొచ్చి, అతన్ని పక్కకు ఒత్తిగిల్లేట్టు తిప్పి, తల నేలకు తగలకుండా అరచెయ్యి కింద పెట్టాడు.

తెలివి వచ్చేసరికి లచ్చన్న నడుముకు ఎవరిదో చొక్కా చుట్టి ఉంది. ప్యాంటు తడిసిపోయిందని ఆ చొక్కా తీసి చూసుకున్నాకే అర్థమైంది. ఎదురుగా ఫరీద్ ఒంటి మీద బనీను ఒక్కటే ఉంది.

"ఎవ్వలు సూడలే," అన్నాడు ఫరీద్.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ అబద్ధం చెప్పినందుకే లచ్చన్న అతనికి కట్టుబడిపోయాడు. మాటల్లో పడ్డాక తెలిసింది, ఫరీద్‌ది కోరుట్ల అని. లచ్చన్నది మెట్‌పల్లి పక్క పల్లె. ఇద్దరూ ఒకే అంగట్లో తిరిగినవాళ్లే, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పెరిగారు. నెల తిరక్కుండానే లచ్చన్న కంపెనీ కూలీల క్యాంపు వదిలి, ముహర్రక్ పాతబజారు వెనక ఫరీద్ ఉండే గదిలోకి మకాం మార్చాడు. ఆ గదిలో జగిత్యాల గణపతి కూడా ఉండేవాడు. వయసులో పెద్ద, మాట తక్కువ మనిషి. నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటే కిటికీ అద్దాలు అదిరేవి. మొదట్లో ఉలిక్కిపడేవాడు గానీ, తర్వాత లచ్చన్నకు ఆ చప్పుడు వినిపించడమే మానేసింది.

లచ్చన్నకు ఈ జబ్బు పదిహేనేళ్ల వయసు నుంచీ ఉంది. పడిపోవడం, కొట్టుకోవడం, నాలుక కొరుక్కోవడం, ఇవన్నీ ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఇంకొకటి ఉంది. పడిపోయే ముందు కడుపులోంచి ఏదో పైకి లేచేది. మాడిన వాసన వచ్చేది. దాని వెనకే భయం. దేని మీద భయమో తెలియదు, కానీ చావు గుమ్మంలో నిలబడి పేరుపెట్టి పిలిచినంత భయం. ఒక్కోసారి పడిపోకుండానే ఆ భయం వచ్చి పోయేది. ఇంకొన్ని రోజులు ఏ కారణం లేకుండా మనసంతా బురదలా అయిపోయేది. అప్పుడు గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకుని, "తలకాయ నొస్తుంది," అనేవాడు.

ఇవి ఏ డాక్టరుకూ చెప్పలేదు. భార్య వినోదకూ చెప్పలేదు. కిందపడడం ఒంటికొచ్చిన జబ్బు, దాన్ని నలుగురూ అయ్యో అంటారు. ఊరికే భయపడేవాణ్ణి, ఊరికే ఏడుపొచ్చేవాణ్ణి ఏమంటారు? పిరికోడంటారు, లేకపోతే పిచ్చోడంటారు. అందుకే ఆ సగం జబ్బును తనలోనే దాచుకున్నాడు.

మాత్రలు ఇంటి నుంచి వచ్చేవి. పొద్దున ఒకటి, పడుకునే ముందు ఒకటి. వాటితో ఫిట్స్ అదుపులో ఉండేవి గానీ చేతులు మందగించేవి. టైలు కింద సిమెంటు పరిచి, సుత్తి పిడితో తట్టి, మట్టం చూసుకునే లోపల కళ్లు మూసుకుపోయేవి. ఫోర్‌మన్ ఖలీద్ రెండుసార్లు వచ్చి, "నిద్రపోనీకి వచ్చినవా? యల్లా, యల్లా," అని తొందరపెడుతూ అరిచాడు. పక్కన పనిచేసే కుర్రాళ్లు నవ్వారు. ఆ నవ్వు తట్టుకోలేక లచ్చన్న పొద్దుటి మాత్ర మానేశాడు. ఒంటికి తేలికైంది. చేయి పరుగెత్తింది. గీతకు గీత కలిసి ఫ్లాటు నేలంతా అద్దంలా తేలింది. ఇంకేం, రాత్రి మాత్ర కూడా ఒక రోజు వేసుకుని ఒక రోజు వదిలేశాడు.

ఫరీద్ రోజూ అడిగేవాడు. "గోలీ ఏస్కున్నవా?"

"ఏస్కున్న భాయ్," అనేవాడు లచ్చన్న. మాత్ర అప్పటికే బాత్రూములో నీళ్లతో పోయుండేది.

ఒక బుధవారం డ్యూటీకి పోతూ వ్యానులోనే మొదలైంది. ఒకటి వచ్చి ఆగింది. తెలివి రాకముందే రెండోది. ముహర్రక్ వంతెన దాటేలోగా మూడోది. ఫరీద్ వ్యాను తిప్పి నేరుగా ఆస్పత్రికి తోలాడు. ఇంజెక్షన్ పడ్డాక శాంతించింది. ఆ రాత్రికి అక్కడే ఉంచుకుని, మాత్రలు మానొద్దని గట్టిగా చెప్పి, మర్నాడు పంపించేశారు.

ఆ గురువారం లచ్చన్న మామూలుగానే ఉన్నాడు. ఇంకా చెప్పాలంటే హుషారుగా ఉన్నాడు. వినోదకు ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడాడు. గణపతి మీసాల మీద జోకులేశాడు. గండం గడిచిందనుకున్నారు అందరూ.

శుక్రవారం తెల్లవారేసరికి ఆ పాత భయం వచ్చి కూర్చుంది. ఎప్పుడూ వచ్చి పోయేది, ఈసారి పోలేదు. గణపతి, ఫరీద్ తలుపు దగ్గర మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నిజానికి నిద్రపోతున్నవాణ్ణి లేపొద్దని మెల్లగా మాట్లాడారు. లచ్చన్నకు అది తన గురించే అనిపించింది. టీ తాగితే చేదుగా తగిలింది. ఫరీద్ మాత్ర తీసి అరచేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు అందించి, మింగేదాకా నిలబడ్డాడు. 'ఎందుకు నిలబడ్డడు? నేను మింగితే వీనికేం లాభం?' ఆ ప్రశ్నకు లచ్చన్న బుర్రలో జవాబు దానంతట అదే తయారైంది. ఎంత సందేహం లేకుండా తయారైందంటే, సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత నిజంగా కనిపించింది.

ఫరీద్ నమాజుకు పోయివచ్చి వంట పెట్టాడు. శుక్రవారం వంట అతనిదే. బగారా అన్నం, మటన్, పప్పు కలిపి వండిన దాల్చా. పక్క గదిలోవాళ్లు ఇద్దరు కూడా వచ్చి చాప మీద కూర్చున్నారు. ఫరీద్ మొదటి గరిటె లచ్చన్న పళ్లెంలోనే వేశాడు.

"తిను. రెండు దినాలైతుంది కడుపు నిండా తినక."

లచ్చన్న లేచి నిలబడ్డాడు. "ఏం కలిపినవ్ ఇండ్ల?" అని అడిగాడు.

ఫరీద్ నవ్వబోయాడు. "మటన్ కలిపిన, సొరకాయ కలిపిన. కూసో."

"విషం కలిపినవ్. గోలీలల్ల గూడ నువ్వే కలుపుతున్నవ్. నాకెర్కనే. మీ జాతే గంత. నమ్మినోన్నే కోస్తరు."

లచ్చన్న దాల్చా గిన్నెను కాలితో తన్నాడు. ఫరీద్ అతని భుజాలు పట్టుకోబోతే గరిటె అందుకుని మొహం మీద కొట్టాడు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారింది. గణపతి వెనక నుంచి వాటేసుకోకపోతే ఇంకా కొట్టేవాడే. కనుబొమ్మకు తువ్వాలు అదిమిపెట్టుకుని, ఒక్క చేత్తో స్టీరింగు తిప్పుతూ ఫరీదే అతన్ని మళ్లీ ఆస్పత్రికి తీసుకుపోయాడు. దారి పొడవునా లచ్చన్న వ్యాను అద్దాలు గుద్దుతూ, "నన్ను సంపుతున్నడు," అని రోడ్డున పోయేవాళ్లకు కేకలు పెడుతూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో మందులు మార్చారు, నిద్రపుచ్చారు. కొన్ని రోజులకు భయం దిగిపోయింది. వరద తీశాక పొలంలో గట్లు ఒక్కొక్కటీ బయటపడినట్టు జరిగింది గుర్తుకు రాసాగింది. గిన్నె దొర్లిన చప్పుడు మొదట గుర్తొచ్చింది. తర్వాత ఫరీద్ మొహం. నెత్తురు కారుతున్నప్పటి మొహం కూడా కాదు, అంతకుముందు, ఆ మాట చెవిన పడ్డప్పటి మొహం. అది గుర్తొచ్చిన పూట లచ్చన్న దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. నర్సు వచ్చి చలేస్తోందా అని అడిగితే అవునన్నాడు.

గణపతి చూడటానికి వచ్చి, కాసేపు కూర్చుని, బత్తాయిలు పెట్టి వెళ్లాడు. ఫరీద్ కూడా వచ్చాడట, లచ్చన్న నిద్రలో ఉన్నాడట. ఆ సంగతి చెప్పినప్పుడు గణపతి కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

మెదడులో కరెంటు ఎలా నడుస్తోందో చూడాలి, ఈఈజీ తీయాలి అన్నారు డాక్టర్లు. తలస్నానం చేసి నూనె రాసుకోకుండా రమ్మన్నారు. ఆ పరీక్ష చేసే అమ్మాయి పేరు కైనాత్. హైదరాబాదు పిల్ల. పేరు, ఊరు అడిగి, "మెట్‌పల్లా అన్నా? మా చిన్నమ్మను ఇచ్చింది అటుదిక్కే," అని తెలుగులో మొదలుపెట్టింది. తెలుగు వినగానే లచ్చన్నకు ప్రాణం లేచొచ్చింది. తలకున్న స్కార్ఫు చూశాక మళ్లీ ముడుచుకుపోయాడు. ఆ పిల్లకు తన సంగతి ఏమీ తెలియదు. అయినా కళ్లెత్తి చూడలేకపోయాడు.

ఆమె పాయ పాయ తీసి, జిగురు రాసి, తల నిండా సన్నటి వైర్లు అంటించింది. గట్టిగా ఊపిరి తీసి వదలమంది. కళ్ల ముందు లైటు టపటపా వెలిగించింది. పక్కనున్న తెరమీద గీతలు పైకీ కిందికీ ఊగుతూ పోతున్నాయి.

"నేను మనసుల ఏమనుకుంటున్ననో అండ్ల కనబడ్తదా మేడం?" అని అడిగాడు లచ్చన్న.

కైనాత్ నవ్వింది. "లేదన్నా. కరెంటు ఒక్కటే కనబడ్తది. మాటలు కనబడవు."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. మాటలు కనబడవు. ఆ పూటకు అదే చాలనుకున్నాడు.

మర్నాడు డాక్టరు పిలిచాడు. నెరిసిన గడ్డం, తొందరలేని మనిషి. ఇంగ్లీషులో చెప్తుంటే కైనాత్ పక్కన నిలబడి తెలుగు చేసింది. తెరమీద ఎడమ చెవి పైభాగం గీతలు చూపించాడు. మిగతావి సాఫీగా పోతుంటే అక్కడ మాత్రం ఉండుండి సూదిమొనలా ఒక గీత పైకి పొడుచుకొస్తోంది.

"ఫిట్స్ లేనప్పుడు గూడ ఇక్కడ కరెంటు ఎగిరెగిరి పడుతుందంట అన్నా. జ్ఞాపకాలు, భయం, ఇవన్నీ ఉండేది ఆ దగ్గర్లనే అంట. పడిపోయే ముందు మీకు ఏమన్నా భయం లెక్క వస్తదా, ఏమన్నా వాసన వస్తదా అని అడుగుతున్నరు."

ఇరవై ఏళ్లకు పైగా తను దాచుకున్న సంగతి ఈ పెద్దమనిషి ఒక గీత చూసి అడుగుతున్నాడు. లచ్చన్న ఇక దాచలేదు; కడుపులోంచి లేచేదీ, మాడిన వాసనా, గోడవైపు తిరిగి పడుకున్న రోజులూ అన్నీ చెప్పేశాడు.

"ఎందుకు చెప్పలేదు ఇన్నేళ్లు?" అని డాక్టరు అడిగించాడు.

"సిగ్గయ్యింది సార్."

డాక్టరు తలాడించాడు. భయమూ, దిగులూ కూడా ఆ జబ్బులో భాగమే కావచ్చు, వాటికీ వైద్యం ఉంది అన్నాడు. ఒకదాని వెనక ఒకటి ఫిట్స్ వచ్చినప్పుడు కొందరికి ఒకటి రెండు రోజులు అంతా బాగున్నట్టుండి, ఆ తర్వాత మతి చెదురుతుంది, దగ్గరివాళ్ల మీదే అనుమానం పుడుతుంది, విషం పెడుతున్నారనిపిస్తుంది, అది తెలిసిన సంగతే అన్నాడు. మాత్ర మానితే మళ్లీ రావచ్చునని హెచ్చరించాడు.

లచ్చన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అంటే ఆ పని చేసింది తను కాదు, జబ్బు! లేవబోయి ఆగాడు. లోపల ఇంకొక ముల్లు ఉంది. అది కదిలింది.

"ఇంకొకటి అడగాలె సార్," అన్నాడు. అడగాలంటే కైనాత్‌తోనే అడిగించాలి. ఆ మాట ఈ పిల్ల నోటితోనే చెప్పించాలి. తలొంచుకుని అన్నాడు: "నన్ను సాకినోడు, మా ఫరీద్. ఆన్ని కొట్టిన. కొడుతా కొడుతా... మీ జాతే గంత, నమ్మినోన్ని కోస్తరు అన్న. ఆ మాట గూడ జబ్బే అన్నదా?"

కైనాత్ చేతిలో ఉన్న పెన్నుకు మూత పెట్టింది. ఆ తర్వాత ఏమీ వదలకుండా, గొంతు మార్చకుండా డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరు ఆమెవైపు ఒకసారి, లచ్చన్నవైపు ఒకసారి చూశాడు. ఆయన చెప్పింది కైనాత్ నేలచూపులు చూస్తూ తెలుగు చేసింది.

"భయం, అనుమానం జబ్బు నుంచే వచ్చినయంట. ఆ టైంల మీ మీద మీకు పట్టు లేదంట, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దన్నరు. కానీ భయపడ్డ మనసు మాట కోసం వెతుక్కున్నప్పుడు, ఎప్పుడో విన్నయే, చుట్టూ ఉన్నయే దొరుకుతయంట. అవి యాడికెళ్లి వచ్చినయో ఈ మిషన్‌ల కనబడదన్నరు."

"మాఫ్ చెయ్యి చెల్లె," అన్నాడు లచ్చన్న.

"నాకెందుకన్నా," అంది కైనాత్. కోపంగా అనలేదు. అలాగని మెత్తగానూ అనలేదు.

ఆస్పత్రి నుంచి పంపించేసిన రోజు గదికి తీసుకుపోవడానికి ఫరీదే వ్యాను వేసుకుని వచ్చాడు. కనుబొమ్మ మీద కుట్లు కనిపిస్తున్నాయి. లచ్చన్న సంచి అందుకుని వెనకసీట్లో పెట్టాడు. లచ్చన్న నోరు విప్పకముందే, "బీమారి మాట్లాడింది, నువ్వు కాదు. ఖలాస్," అన్నాడు. డాక్టరు గణపతికి చెప్పాడట, గణపతి ఇతనికి చెప్పాడట. గది దగ్గర పక్కవాళ్లు కూడా అదే అన్నారు. అందరూ క్షమించేశారు. లచ్చన్న పళ్లెం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

కొన్నాళ్లు చూశాడు. ఫరీద్ మామూలుగానే ఉంటున్నాడు. అందరి ముందు నవ్వుతున్నాడు. ఒక శుక్రవారం పొద్దెక్కాక ఇద్దరే మేడ మీద బట్టలు ఆరేస్తుంటే లచ్చన్న ఇక ఉండబట్టలేకపోయాడు.

"భాయ్, విషం పెడుతున్నవని అనుకునుడు బీమారే. నేను ఒప్పుకుంట. కానీ ఆ మాట బీమారిది కాదు."

ఫరీద్ చొక్కా దులుపుతూ ఆగాడు.

"ఊళ్లె విన్న. మా బావమరిది ఫోన్ల వీడియోలు పంపుతుంటడు. గసొంటి మాటలే ఉంటయి. నీ పక్కన పండుకొనే చూసిన. నవ్విన గూడ. ఒకటి నేనే వేరేటోళ్లకు పంపిన. నువ్వు అసొంటోనివి కాదు అనుకుంట పంపిన. అది నా నెత్తిలనే ఉండె. బీమారి బయటికి తీసింది, గంతే."

విమానం ఒకటి నెత్తిమీదుగా పోయింది. అది పోయాక ఫరీద్ అన్నాడు.

"ఇది నాకెందుకు చెప్పినవ్?"

"చెప్పకపోతే నీకు అబద్ధం చెప్పినట్టయితది."

"నాకు చెప్పని అబద్ధాలు ఉన్నయా? గోలీలు ఏస్కున్న అంటే నమ్మలేదా?" ఫరీద్ చేతిలోని చొక్కాను బక్కెట్లో పడేశాడు. "నేను బీమారి మీద కోపం చేసుకొని ఊకున్న లచ్చన్నా. బీమారి మీదైతే కోపం చేసుకోవచ్చు, మళ్ల నీతోని కూసోని తినొచ్చు. ఇప్పుడు తీసుకపోయి నీ మీద పెట్టుకోవాల్నా? నీ దిల్ హల్కా అయితదని, బరువు తగ్గుతదని నాకిచ్చినవ్ ఇది."

అది నిజమే. లచ్చన్న నిజం చెప్తున్నాననుకున్నాడు గానీ, మోయలేనిది తెచ్చి ఎదుటివాడి నెత్తిన పెట్టాడు. ఉన్న సిగ్గుకు తోడు ఇంకో సిగ్గు చేరింది. ఫరీద్ మిగతా బట్టలు బక్కెట్లోనే వదిలేసి కిందికి దిగిపోయాడు. లచ్చన్న వాటిని ఒక్కొక్కటీ పిండి ఆరేశాడు.

ఆ తర్వాత ఇద్దరి మధ్య పని మాటలే మిగిలాయి. కొన్ని నెలలకు ఫరీద్‌కు మీనా సల్మాన్ రేవులో గోదాము డ్యూటీ పడింది. అటువైపే గది చూసుకున్నాడు. డ్యూటీ కోసమే మారుతున్నానన్నాడు. మంచం, పరుపు, వంటసామాను లచ్చన్నే మోసి వ్యానులో ఎక్కించాడు. కొత్త గదిలో దించేశాక ఇద్దరూ సామాన్ల మధ్య నేలమీద కూర్చుని టీ తాగారు. మెట్లు దిగుతూ లచ్చన్న ఒక నిమిషం ఆగాడు, అప్పుడప్పుడు వస్తుండమని అంటాడేమోనని. ఫరీద్, "మెల్లగ పో," అన్నాడు. అంతే.

లచ్చన్న మందులు మారాయి. కొత్త మాత్రలతో అంత మత్తు లేదు. ఫోర్‌మన్ ఖలీద్‌కు తన జబ్బు సంగతి తానే పోయి చెప్పాడు. ఖలీద్ కాసేపు గొణిగి, మెట్ల దగ్గరి పని, ఎత్తుమీది పని తప్పించాడు. దిగులు కమ్మినప్పుడు తలనొప్పి అనడం మానేశాడు. "ఇయ్యాల మనసు మంచిగ లేదు కాకా," అని గణపతికే చెప్తాడు. గణపతి ఏమీ అనడు, టీ పెడతాడు. బావమరిదికి ఫోన్ చేసి ఆ వీడియోలు ఇక పంపొద్దన్నాడు. ఎందుకంటే ఏం చెప్పాలో తెలియక పెట్టేశాడు. బావమరిది అలిగాడు.

ఈ మధ్య ఒకరోజు పనిలో ఉండగా ఫోన్ మోగింది. ఫరీద్. నెలల తర్వాత.

"లచ్చన్నా, మా చిన్నది కొట్టుకుంటుందట. జరమొచ్చి ఫిట్స్ వచ్చిందట. ఇంట్ల అంత ఏడుస్తున్నరు. నాకేం సమజైతలేదు. నువ్వు మాట్లాడు." మరో మాట లేకుండా కోరుట్లలో ఉన్న భార్య మెహరున్నిసాను లైన్లో కలిపాడు.

అటువైపు అరుపులు, ఏడుపులు. లచ్చన్న చేతిలోని తాపీ కింద పడేశాడు. "చెల్లె, నేను లచ్చన్న. ఇను. పాపను ఎడమ పక్కకు తిప్పు. నోట్ల ఏం పెట్టకు. చెంచా పెట్టకు, నీళ్లు పొయ్యకు. గట్టిగ పట్టకు. మెడకాడ బట్టలు వదులు చెయ్యి. ఊపిరి ఆడుతుందా? చూస్కుంట ఉండు. ఎవల్నన్న ఆటో తేవాలె అను."

ఎంతసేపో తెలియదు, ఆమె చేసేది చెప్తుంటే వింటూ, అతను చెప్పేది ఆమె చేస్తూ గడిచింది. చివరకు, "ఆగింది భయ్యా, కండ్లు తెరిచింది," అని మెహరున్నిసా భోరుమంది. ఆటో వచ్చింది. డాక్టరు దగ్గరికి పోయారు. జ్వరంతో వచ్చిందే, భయంలేదన్నారట.

సాయంత్రం ఆమే మళ్లీ ఫోన్ చేసింది. పాప పడుకుందని చెప్పింది. "మా ఆయన మీ గురించి మస్తు చెప్తడు భయ్యా," అంది.

లచ్చన్న ఫోను చెవికి ఆనించుకుని నిలబడిపోయాడు. ఫరీద్ ఏం చెప్పాడు? దాల్చా గిన్నె దగ్గరి మాట కూడా చెప్పాడా? చెప్పినా ఈమె తనను భయ్యా అంటోందా, చెప్పలేదు గనుకే అంటోందా? అడుగుదామని నోటిదాకా వచ్చింది.

"పాపకు తెల్లారి గూడ జరం సూడు చెల్లె," అన్నాడు.